కంచాలు తిప్పిన సోమవారం

మస్కట్ వెళ్ళొచ్చానంటే చాలు, అందరిదీ ఒకటే ప్రశ్న: బంగారం ఎంత తెచ్చావు? ఏమీ తేలేదు. ఖర్జూరాలు తెచ్చాను, అవి పక్కింటివాళ్ళకు పంచేసరికే అయిపోయాయి. అసలు నేను పోయింది కొనడానికీ కాదు, చూడడానికీ కాదు, ఒక సంగతి కనుక్కోవడానికి. ఇంగ్లిషు లెక్చరర్‌గా రిటైరయ్యాక ఇంట్లో ఒకచోట కూర్చోలేక, ఒక ప్రచురణకర్త అడిగితే ఫిలిప్పీన్స్ కథలు పదకొండు తెలుగు చేస్తానని ఒప్పుకున్నాను. పది అయ్యాయి. పదకొండోది మాత్రం గొంతులో ముల్లులా ఉండిపోయింది.

ఆ కథలతో మొదట్నుంచీ నాకు పేచీయే. దోపిడీ గురించిన కథలని పుస్తకం వెనక అట్ట మీద ఉంది. చదివితే ఎవరూ అరవరు, ఎవరూ తిరగబడరు. ఒక కథలో తండ్రి రోజంతా భూస్వామి వసారాలో నిలబడి, ఏ మాటా దొరక్క, సాయంత్రం పిల్లలకొక రొట్టె పట్టుకుని ఇంటికొస్తాడు. అంతే కథ. ఇంకోదాంట్లో సైనికులు ఊళ్ళో దిగుతారు, తల్లి బట్టలుతుకుతూ ఉంటుంది, ఉతుకుతూనే ఉంటుంది. ఏమిటమ్మా మీ ఓపిక అని పేజీల మీద విసుక్కునేదాన్ని.

పదకొండోది చెరుకు తోటల్లో కూలి చేసే కుటుంబం కథ. అంతా భోజనానికి కూర్చున్నప్పుడు బంగళా నుంచి మనిషి వచ్చి, దొరసాని పెద్దపిల్లను పనికి రమ్మంటోందని చెబుతాడు. పిల్ల అన్నం సగంలో వదిలి లేస్తుంది. తల్లి తన కంచాన్ని ఉన్నచోటే గుండ్రంగా తిప్పుతుంది. మిగతావాళ్ళూ తిప్పుతారు. కథ అయిపోతుంది. కంచం తిప్పడమేమిటో నాకు బోధపడలేదు. ‘తల్లి కంచాన్ని విసురుగా అవతలికి తోసింది’ అని రాసేశాను. రాసి, హమ్మయ్య, ఒక్కరైనా తిరగబడ్డారని మురిసిపోయాను కూడా. కానీ రాత్రిళ్ళు అనుమానం. మస్కట్‌లో టీచరుగా ఉన్న మా చిన్నాన్న కూతురు సరళతో అంటే, “మా బిల్డింగుల కింది ఫ్లాటు నిండ ఫిలిప్పీన్ వాళ్ళేనక్కా, వచ్చి అడుగు” అంది. జనవరి చివర్లో, ఒక గురువారం, విమానమెక్కాను.

ఘుబ్రా

మస్కట్‌లో సరళ వాళ్ళుండే పేట ఘుబ్రా. అక్కడ పెట్టె తెరిస్తే గోంగూర పచ్చడి సీసా పగిలి ఉంది. నూనెంతా పదకొండో కథ కాగితాల్లోకి దిగింది. నేను నెత్తి కొట్టుకుంటుంటే సరళ ఇంట్లో పనిచేసే ఓబులమ్మ వచ్చి, కాగితాలు ఒక్కొక్కటే నేల మీద పరిచి, శనగపిండి చల్లి, పాత గుడ్డతో ఒత్తడం మొదలుపెట్టింది. రాయచోటి దగ్గర పల్లె ఆమెది. నలభై అయిదేళ్ళుంటాయి. సరళ పిల్లలిద్దరూ నన్ను పెద్దమ్మా అంటుంటే తనూ అదే పిలుపు అందుకుంది.

“ఏం రాసినారు పెద్దమ్మా ఇంత?”

కథ చెప్పాను. చెయ్యి ఆపకుండా వింది.

“ఆ పిల్ల మళ్ళా ఇంటికొచ్చిందా, ల్యాదా?”

“కథలో చెప్పలేదు.”

“అదేం కత పెద్దమ్మా, వచ్చిందో ల్యాదో చెప్పకుండా!”

ఆ మాటల్లోనే తన సంగతీ చెప్పింది. కూతురికి తొమ్మిదో నెల పడింది. తొలి కాన్పు. అత్త లేదు, అల్లుడు కువైట్‌లో ఉన్నాడు, ఎదురింటావిడ చూసుకుంటానందట. ఇక్కడ ఓబులమ్మ రెండేళ్ళ గడువు అయిపోయి రెండు నెలలు దాటింది.

“మార్చిలో పంపిస్తా అనింది సరళమ్మ. పిల్లోళ్ళకు పరీక్షలుండాయి గదా. అంతలోపలే ఆ బిడ్డకు నొప్పులొస్తాయేమో అని నా బయం.”

“ఏం కాదులే, ఈ రోజుల్లో ఆస్పత్రులున్నాయిగా” అన్నాను నేను. ఆ మాట అన్నది నేనే. అని, పిండి దులిపిన కాగితాలు తీసుకుని లోపలికి పోయాను.

శుక్రవారం అక్కడ సెలవు. పొద్దున్నే నాకు కాలు నిలవక, ఇంట్లో అందరూ లేవకముందే వీధిలోకి దిగాను. ఇండియన్ స్కూలు చుట్టుపక్కల అన్నీ మన మొహాలే. మలయాళీ హోటల్లో రెండు పరోటాలు, పాలు చిక్కగా కాచిన కరక్ చాయ్ తీసుకుని బిల్లు చూస్తే వందల్లో ఉంది. గుండె ఆగినంత పనైంది. అవి బైసలట. వెయ్యి బైసలైతే ఒక రియాల్, రియాల్ మన రెండు వందల పైచిలుకు. అప్పట్నుంచి ఏది ముట్టుకున్నా వేళ్ళ మీద గుణించుకోవడమే పని. సరళ చిన్నకూతురు నన్ను చూసి “పెద్దమ్మా, మళ్ళా మ్యాథ్స్ చేస్తున్నవా?” అని నవ్వేది.

సరళ మంచిది. ఇది ముందే చెప్పాలి. నేనొచ్చానని బొబ్బర్ల గారెలు చేయించింది, తన గది నాకిచ్చి పిల్లల మంచం మీద పడుకుంది. ఓబులమ్మకు మనం తిన్నదే పెడుతుంది, తలనొప్పంటే తనే మాత్ర తెచ్చిస్తుంది. సరళ భర్త, మా మరిది వేణు ఆ ఊళ్ళోనే ఖురం అనే పేటలో ఒక కంపెనీ ఆఫీసులో ఇంజనీరు, ఉన్నాడా లేడా అన్నట్టుండే మనిషి.

ఖురం

కింది ఫ్లాటులో ఇంగ్లిషు బాగా వచ్చినది లోర్నాకు. ఆమె ఖురంలో ఒక బ్యూటీ పార్లర్‌లో పనిచేస్తుంది. శుక్ర, శనివారాలు వాళ్ళకు గిరాకీ, ఊపిరాడదు. శనివారం నేనే వెళ్ళాను. ఊరికే కూర్చోబెట్టి మాట్లాడితే యజమానురాలు ఒప్పుకోదని కాళ్ళు శుభ్రం చేయించుకునే కుర్చీలో కూర్చున్నాను. మూడు రియాళ్ళు. గుణించుకున్నాను, కళ్ళు మూసుకున్నాను.

లోర్నా నా కాలు పట్టుకోగానే చటుక్కున వెనక్కి లాక్కున్నాను. మాలో కాళ్ళు పట్టుకోవడం పెద్దల దగ్గరేనమ్మా, ఇలా కాదు అంటే నవ్వింది. వాళ్ళలో పెద్దవాళ్ళ చెయ్యి తీసుకుని తమ నుదుటికి ఆనించుకుంటారట. వెంటనే నా చెయ్యి తీసుకుని చూపించింది కూడా. ఆ నిమిషం నుంచి నన్ను తీతా అంది. పిన్నీ, అత్తా అన్నట్టు.

ముప్పై ఎనిమిదేళ్ళ లోర్నా వాళ్ళ ఊళ్ళో ఆరేళ్ళు బడి పంతులమ్మ. ఆ జీతంతో ముగ్గురు తమ్ముళ్ళ చదువు సాగక ఇక్కడికొచ్చి గోళ్ళు దిద్దుతోంది. కథలంటే ప్రాణం. నా ఫిర్యాదు విప్పాను.

“మీ కథల్లో అందరూ అన్నం వండుకుంటూ కూర్చుంటారెందుకు? తిరగబడరెందుకు?”

“మీ కథల్లో తిరగబడతారా తీతా?”

“ఆఁ. చాలామంది.”

“అయితే మీ ఊళ్ళో కష్టాలు తీరిపోయాయా?”

ఆమె నా మడమ తోముతూ, ఇంగ్లిషులో నెమ్మదిగా, పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పింది. దొరకు కొరడా ఉంటే కథ రాయడం తేలికట. వాళ్ళ కథల్లో దొరసాని మంచిది. పనిపిల్లకు తన పాత గౌన్లు ఇస్తుంది, చర్చికి తీసుకెళ్తుంది, ఇంటికి మాత్రం పంపదు. “చెడ్డవాళ్ళ దగ్గర్నుంచి పారిపోవచ్చు. మంచివాళ్ళకు ఏం చెప్పి పారిపోతాం?” అంది. బావుందే ఈ మాట అని పుస్తకం తీసి రాసుకున్నాను. ముందుమాటకు పనికొస్తుందనుకున్నాను.

కంచం సంగతి అడిగేలోపు ఇంకొకావిడ వచ్చి కూర్చుంది. సోమవారం నాకు సెలవు, మధ్యాహ్నం భోజనానికి రండి, ఓబూని కూడా తీసుకురండి అంది లోర్నా. ఓబూ అంటే ఓబులమ్మ. బట్టలారేసే మిద్దె మీద ఇద్దరికీ స్నేహం. హిందీ, ఇంగ్లిషు, అరబ్బీ ముక్కలు కలిపి రెండేళ్ళుగా మాట్లాడుకుంటున్నారు.

కింది ఫ్లాటు, సోమవారం

ఒకే గదిలో ఆరు మంచాలు, రెండేసి చొప్పున ఒకదాని మీద ఒకటి. నడుమ కింద చాప, చాప మీద కంచాలు. ఆ రోజు సెలవున్నవాళ్ళు లోర్నాతో కలిపి నలుగురు. వెనిగర్‌లో ఉడికించిన కోడికూర, చింతపండు పోసిన రొయ్యల పులుసు, గుట్టగా అన్నం. అన్నం లేకపోతే అది భోజనమే కాదట. ఈ ఒక్క మాటకే వాళ్ళు నా చుట్టాలైపోయారు.

ఓబులమ్మ పులుసు రెండుసార్లు పోసుకుని, “ఇది మన పులుసే గద పెద్దమ్మా, తాలింపు పెట్టేది ఒకటి మర్సిపోయినారు” అంది. నేను ఇంగ్లిషు చేసి చెబితే గదంతా పకపకా నవ్వింది. ఆమె అంత నవ్వగలదని నాకు నాలుగు రోజులుగా తెలీదు.

అంతలో ఓబులమ్మ ఫోన్ మోగింది. సరళ. పిల్లలు బడి నుంచి వచ్చారు, వెంటనే పైకి రమ్మంది. ఓబులమ్మ కలిపిన ముద్ద అట్లాగే వదిలి, చెయ్యి కడుక్కుని, “పోయొస్తా” అని చెప్పులేసుకుంది.

నలుగురూ మాటలాపకుండానే ఎవరి కంచం వాళ్ళు ఉన్నచోటే ఒక చుట్టు తిప్పారు. లోర్నా చెయ్యి చాచి ఓబులమ్మ వదిలిపోయిన కంచం కూడా తిప్పింది. తిప్పి మళ్ళీ తినసాగారు.

“ఏమిటది? ఎందుకు తిప్పారు?” అన్నాను. దాదాపు అరిచాను.

అందరూ తింటుండగా ఎవరైనా సగంలో లేచి బయటికి పోవాల్సివస్తే మిగిలినవాళ్ళు కంచాలు తిప్పుతారట. పోయినవాళ్ళకు దారిలో ఏ ఆపదా రాకుండా, క్షేమంగా తిరిగొచ్చేట్టు. చిన్నప్పట్నుంచీ అలవాటు, చెయ్యి దానంతటదే తిరుగుతుంది అంది లోర్నా.

నేను తోయించిన కంచం అది! ఆ తల్లి కోపంతో తోసెయ్యలేదు. బంగళాకు పోతున్న పిల్ల తిరిగి రావాలని, తన చేతిలో మిగిలిన ఒక్క పనీ చేసింది. ఏడాదిపాటు ఆ వాక్యాన్ని దగ్గర పెట్టుకుని, నాకు కావాల్సిన తిరుగుబాటు దాంట్లో కుక్కాను. సిగ్గేసింది.

“ఓబులమ్మ పోయింది రెండంతస్తులు పైకేగా” అన్నాను, ఏదో ఒకటి అనాలని.

లోర్నా నవ్వలేదు. “తీతా, ఆమె పాస్‌పోర్టు ఎక్కడుందో మీకు తెలుసా?”

“తెలీదు.”

“మీ చెల్లెలి బీరువాలో. కూతురు దగ్గరికి పంపమని మూడుసార్లు అడిగింది. మార్చి అన్నారు. కాన్పు ఇంకో పది రోజుల్లోనట. మీతో చెప్పానంది. మీరేమో ఆస్పత్రులున్నాయిగా అన్నారట.”

పులుసు నా కంచంలో చల్లారిపోయింది. మొన్న పుస్తకంలో రాసుకున్న మాట గుర్తొచ్చింది. ఆ మాట చెప్పేటప్పుడు లోర్నా ఎవరింటి గురించి చెబుతోందో నాకప్పుడు తట్టనే లేదు.

నిజ్వా

ఆ సాయంత్రమే సరళను అడగాల్సింది. అడగలేదు. ఆమె వేడిగా మిర్చి బజ్జీలు తెచ్చి, “ఎట్లయిందక్కా లంచ్?” అంటే బాగుంది అన్నాను. ఆమె ఇంట్లో ఉంటూ, ఆమె తిండి తింటూ ఏమని అడగాలి? చుట్టరికం చెడుతుందేమో, చిన్నాన్నకు తెలిస్తే ఏమనుకుంటాడో. పొద్దున పాత కోట ఉన్న నిజ్వా చూసొస్తా అన్నాను. ఆ ఇంట్లోంచి ఒక పూట ఎటైనా పారిపోవాలనిపించింది. ఓబులమ్మ తెల్లారకముందే లేచి నాకు పులిహోర కట్టిచ్చింది. దాన్ని తీసుకుని మంగళవారం బస్సెక్కాను.

రెండు గంటలకు పైగా ప్రయాణం. రెండు పక్కలా గడ్డిపరక లేని కొండలు. కిటికీ పక్క సీటు కోసం ఆరాటపడి సంపాదించి, పావుగంటలో విసుగొచ్చి మళ్ళీ ముందుకు మారాను. పక్కన కూర్చున్నతను నా చీర చూసి “తెలుగోళ్ళా మేడమ్?” అన్నాడు. జగిత్యాల దగ్గర మనిషి, మల్లేశం. నిజ్వా అవతల సైట్‌లో డ్యూటీ. పన్నెండేళ్ళయిందట వచ్చి.

అడగాలా వద్దా అనుకుంటూనే అడిగాను. “పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంటుందయ్యా మీకు?”

“ఇప్పుడైతె మా తాన్నే మేడమ్. పాత కంపెనీల వాళ్ళ తాననే ఉండె. మా నాయిన పోయిండని ఫోనొస్తె ఉరికిన. పాస్‌పోర్టు బీరువ తాళం ఉన్నాయన సెలవుల ఉన్నడు, రేపు రమ్మన్నరు. ఎవ్వలు గట్టిగ ఒక్క మాట అనలే. మూడొద్దులకు చేతికొచ్చింది. గప్పటికే అంత అయిపాయె.” తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ, “మంచోళ్ళే మేడమ్. చాయ్ తాగిపిచ్చిన్రు” అన్నాడు.

ఆ మాట విన్నాకైనా బస్సు దిగి వెనక్కి తిరగాల్సింది. ముందుకే పోయాను. నిజ్వా కోట మెట్లెక్కాను, గుండ్రటి బురుజు పైనుంచి ఖర్జూరపు తోటలు చూశాను. పేరున్న మేకల సంత కోసం వీధి వీధీ తిరిగితే ఒక ముసలి ఒమానీ నవ్వి, జుమా, జుమా అన్నాడు. సంత శుక్రవారం పూటేనట. ఉత్త చేతులతో పంపడం ఇష్టం లేక కాబోలు, తన దుకాణంలోకి పిలిచి చిన్న గిన్నెలో కాఫీ, ఆకులో పెట్టిన హల్వా ఇచ్చాడు. కుంకుమపువ్వు వాసన. డబ్బు తీసుకోలేదు. కోట గోడ నీడలో కూర్చుని పులిహోర విప్పాను. పల్లీలు కరకరలాడుతున్నాయి. నాలుగు ముద్దలు తిని పొట్లం మళ్ళీ కట్టేశాను.

ఇంటికి చేరేసరికి వీసా కాగితాలు చూసే ఆఫీసులన్నీ మూసేశారు. అలసిపోయానని పడుకున్నాను.

మళ్ళీ ఘుబ్రా

బుధవారం సాయంత్రం సరళ, వేణు, నేను చాయ్ తాగుతుంటే అడిగేశాను.

“సరళా, ఓబులమ్మ పాస్‌పోర్టు నీ బీరువాలో ఎందుకుంది?”

“ఎందుకుంటదక్కా, జాగ్రత్తకు. వంటింట్ల పెట్టుకుంటదా? పోతే ఎంబసీ చుట్టు ఎవరు తిరగాలె?”

“అడిగితే ఇస్తావా?”

“అడగలే కద.”

“మూడుసార్లు అడిగిందట.”

“ఇంటికి పంపుమని అడిగింది. పాస్‌పోర్టు అడగలే.”

నాకు ఒళ్ళు మండింది. “దాని బిడ్డ ఒంటరిగా ఉంది. తొమ్మిది నెలలు నిండుతున్నాయి. నీ రెండు కాన్పులకూ చిన్నమ్మ ఆర్నెల్లు ఇక్కడే ఉంది కదే!”

సరళ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “నేనేమన్న కొడుతున్ననా, తిడుతున్ననా? నేను కొనుక్కుంటే తనకూ కొంటున్న. ఇంట్ల మనిషి లెక్క చూసుకుంటున్న. తను పోతే పిల్లల్ని ఎవరు చూడాలె, నా ఉద్యోగమేం గావాలె? నువ్వు వారం ఉండి పోయేదానివి, నీకేం తెలుసక్కా?” అన్నీ నిజాలే. ఒక్కటీ అబద్ధం లేదు.

విసురుగా లోపలికి పోయి పాస్‌పోర్టు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఓబులమ్మను కేకేసింది. “ఇగో ఓబులమ్మా, నీ పాస్‌పోర్టు. నిన్ను కట్టేసుకున్ననని అక్క అంటున్నది. పోతవా? ఉంటవా? నీ ఇష్టం.”

ఓబులమ్మ చపాతీ పిండి చేతులతో వచ్చి నిలబడింది. ఏడుస్తున్న సరళను చూసింది. చిన్నపిల్ల వచ్చి ఆమె కాళ్ళు చుట్టుకుంది.

“ఏడవాకమ్మా. నేనుంటాలే. మార్చికే పోతా” అంది.

చూశావా అన్నట్టు సరళ నావైపు తిరిగింది. అంతా అయిపోయిందనుకున్నాను.

ఓబులమ్మ మాత్రం కదల్లేదు. చేతులు చున్నీకి శుభ్రంగా తుడుచుకుంది. పాస్‌పోర్టు తీసుకుంది. తెరిచి తన ఫొటో ఒకసారి చూసుకుని, చున్నీ కొసలో మూటగట్టి బొడ్లో దోపుకుని, చపాతీలు మాడతాయంటూ వంటింట్లోకి పోయింది.

చివరికి వేణు, ఆ వారమంతా నాతో పది మాటలు మాట్లాడని మనిషి, “వీసా కాన్సిల్ కాగితాలు పొద్దున్నే పెడతా” అన్నాడు. సరళ లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

గురువారం మధ్యాహ్నానికి కాగితాలు దాదాపు అయ్యాయి. ఒక్క సంతకం మిగిలింది. శుక్ర, శనివారాలు ఆఫీసులు లేవు. నేను శుక్రవారం విమానమెక్కాను. సరళ సాగనంపడానికి రాలేదు. లోర్నా వచ్చి నా చెయ్యి నుదుటికి ఆనించుకుంది.

హనుమకొండ

ఇంటికి రాగానే ఆ వాక్యం దిద్ది, పుస్తకం పంపేశాను. సరళ ఇప్పటికీ ఫోనెత్తదు. ఆ తర్వాతి మంగళవారం తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చింది.

“పెద్దమ్మా, ఓబులమ్మను. ఇంటికొచ్చేసినా. ఆడబిడ్డ పుట్టినాది!”

ఎగిరి గంతేశాను. “ఎప్పుడు? నువ్వున్నావా పక్కన?”

“ల్యా పెద్దమ్మా. ఆదివారం సంతకమైపాయె, రాత్రికే ఇమానం ఎక్కినా. సోమవారం సందకాడ ఇల్లు చేరినా. బిడ్డ ఆ పొద్దున్నే పుట్టింది. రాత్రంతా నొప్పులు పడిందంట, అమ్మా అమ్మా అని ఒగటే పిలిచిందంట. ఎదురింటామె చెప్పి ఏడ్సింది. తల్లీబిడ్డా బాగుండారులే. మీ పున్యాన ఇప్పుడన్నా వచ్చినా. ఒగ దినం పెద్దమ్మా. ఒగే ఒగ దినం ముందు కాగితాలు పెట్టింటే, ఆ సెలవులకు ముందే వచ్చేసుందును. ఆ దినం యాడ పోయిందో.”

అవతల పసిపిల్ల ఏడుపు వినిపిస్తోంది. ఆ దినం ఎక్కడ పోయిందో నాకు తెలుసు. ఆమె కట్టిచ్చిన పులిహోర పట్టుకుని నేను నిజ్వా కోట మెట్లెక్కాను ఆ దినం. చెప్పాలని నోరు తెరిచాను. చెప్పలేకపోయాను. బిడ్డకు ఏం పేరు పెడతారని అడిగాను.